అమ్మల్ని గట్టు మీద కూర్చోబెట్టకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో 40 దాటిన ఆడవాళ్లకు ఏ వ్యాయామం మంచిదో ఒక పేజీ నిండా రాశారు. నడక, యోగా, జిమ్, ఈత, జుంబా, దేనికి ఎన్ని కేలరీలు ఖర్చవుతాయో పట్టిక కూడా వేశారు. ఆ పేజీ కత్తిరించి మా బీరువా తలుపుకి అంటించుకున్నాను. కరాటే, కర్రసాము లాంటి వాటి గురించి మాత్రం అందులో ఒక్క వాక్యమే ఉంది. అవి పిల్లలకూ కుర్రకారుకూ సరిపోతాయని, వయసు మళ్లేవాళ్లు వాటి జోలికి పోకపోవడమే మేలని. రేపో మాపో చేరదామనుకుంటున్న ఆడమనిషి ఎవరైనా ఆ వాక్యం చదివి ఆగిపోయి ఉంటుందేమోనని దిగులేసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు 47 ఏళ్లు. 19 ఏళ్లుగా నెల్లూరులో బస్సు కండక్టర్‌ని. ఎక్కువ రోజులు పొదలకూరు వైపు పల్లెవెలుగులో ఉంటాను. 44వ ఏట కరాటే క్లాసులో చేరాను. ఇప్పుడు నాది గ్రీన్ బెల్ట్. ఎట్లా చేరానో ముందు చెప్పాలి, ఎందుకంటే నేను అడగబోయేది దాంట్లోనే ఉంది.

మా చిన్నది అయిదో తరగతిలో ఉండగా కరాటే నేర్చుకుంటానని పట్టుబట్టింది. వేదాయపాళెంలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక స్కూలు గ్రౌండులో సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం 6 నుంచి 7 దాకా నేర్పుతారు. నెలకు 500 ఫీజు. పిల్లని ఒక్కదాన్నే పంపలేం కదా, డ్యూటీ దిగి వచ్చి తీసుకెళ్లేదాన్ని. గ్రౌండు పక్కన ఒక సిమెంటు గట్టు ఉంది. దాని మీద పదిమందికి తగ్గకుండా అమ్మలం కూర్చునేవాళ్లం. ఒకామె ఫోను చూసుకునేది, ఒకామె మల్లెపూలు కట్టుకునేది, ఒకామె చిక్కుడుకాయలు ఒలుచుకునేది. మాట్లాడుకునేది మాత్రం అందరం ఒకటే: మోకాళ్లు, నడుము, షుగరు, థైరాయిడ్. ఎదురుగా పాతికమంది పిల్లలు చెమటలు కారుతూ ఎగురుతుంటే మేము మా నొప్పులు చెప్పుకుంటూ కూర్చునేవాళ్లం. ఏడు నెలలు అట్లా కూర్చున్నాను. వారానికి మూడు గంటల చొప్పున లెక్కేస్తే 80 గంటలు దాటుతుంది.

అప్పటిదాకా నేను వ్యాయామం ఊసెత్తని మనిషినేం కాదు. మూడు నెలల షుగరు పరీక్షలో 6.2 వచ్చింది. షుగరు గడప దాకా వచ్చి నిలబడిందమ్మా, లోపలికి రానీకు అన్నారు డాక్టరు గారు. ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో తెల్లవారుజామున నడిచేదాన్ని. కానీ మొదటి సర్వీసు డ్యూటీ పడితే నాలుగున్నరకే ఇల్లు వదలాలి. ఆ వారం నడక ఉండదు. రొట్టెల పండగ స్పెషల్ బస్సులప్పుడైతే నిద్రే ఉండదు. నడక తెగిపోయేది, మళ్లీ మొదలుపెట్టేదాన్ని, మళ్లీ తెగిపోయేది. తర్వాత ఒక జిమ్‌లో ఆరు నెలలకు డబ్బు కట్టి 23 రోజులు వెళ్లాను. మొదటి రోజు మిషన్లు చూపించిన అబ్బాయి తర్వాత నా వైపు రాలేదు. ఎంత బరువు ఎత్తాలో తెలియక భుజం పట్టేసింది. యోగా మా వీధి ఆడవాళ్లతో కలిసి డాబా మీద చేసేదాన్ని. ఇప్పటికీ ఆదివారాలు చేస్తాను. దాన్ని వదిలిపెట్టను.

అదే ఏడాది రెండు పడటాలు చూశాను. మొదటిది మా అత్తమ్మది. బాత్రూములో తడి గచ్చు మీద కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే చేశారు, కానీ ఆమె మళ్లీ తనంతట తాను వంటింట్లోకి నడిచి రాలేదు. ఎనిమిది నెలలు మంచం మీదే ఉండి వెళ్లిపోయింది. రెండోది నాది. బస్సు పూర్తిగా ఆగకముందే దిగబోయి ఫుట్‌బోర్డు మీద నుంచి రోడ్డు మీద పడ్డాను. తొందర నాదే. పడేటప్పుడు చేయి చాపి నేలని ఆపబోయాను. మణికట్టు బెణికి నెల రోజులు టికెట్ మిషన్ పట్టుకోలేకపోయాను. ఇంట్లో కూర్చుని అత్తమ్మ ఖాళీ మంచం చూస్తూ అనుకున్నాను. నేను ఇన్నాళ్లు చేసిన నడక గానీ, ఎత్తిన బరువులు గానీ, పడకుండా ఉండటం నాకు నేర్పలేదు. పడితే ఎట్లా పడాలో అసలే నేర్పలేదు.

చేయి బాగయ్యాక ఒక సోమవారం గట్టు దిగి మాస్టర్ దగ్గరికి వెళ్లి, "సార్, చివర్లో నేనూ నిలబడనా?" అని అడిగాను. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, "చెప్పులు విప్పి రండమ్మా" అన్నారు.

ఆ రోజు నేర్పింది కిబా దాచి అనే నిలబడే పద్ధతి. కాళ్లు రెండూ బాగా ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి బయటికి తోసి, నడుము నిటారుగా ఉంచి, గుర్రం మీద కూర్చున్నట్టు నిలబడాలి. పిల్లలు కొందరు ముందుకు వంగిపోతున్నారు, కొందరు ఊగిపోతున్నారు. మాస్టర్ నా దగ్గరికి వచ్చి ఆగి, "ఇంతకుముందు నేర్చుకున్నారా?" అన్నారు. లేదు సార్, కండక్టర్‌ని అన్నాను. బస్సులో మాకు ఒక చేతిలో మిషన్, ఒక చేతిలో చిల్లర. పట్టుకోవడానికి మూడో చేయి లేదు. పొదలకూరు నిమ్మకాయల బస్తాల మధ్య, ఆడవాళ్లకి బస్సు ఉచితం చేసిన స్త్రీశక్తి పథకం వచ్చాక ఇంకా పెరిగిన జనం మధ్య, డ్రైవరన్న బ్రేకు వేసినా మలుపు తిప్పినా కాళ్లతోనే నిలదొక్కుకోవాలి. మోకాళ్లు కాస్త వదులు చేసి బరువు కిందికి దించుకోవడం ఒళ్లే నేర్చుకుంటుంది. నా ఉద్యోగం నాకు ఒక విద్యలో సగం నేర్పి పెట్టిందని ఆ రోజు తెలిసింది. చాలా సంతోషమేసింది.

మిగతా సగం లేదనీ అదే వారం తెలిసింది. ఒంటికాలి మీద నిలబడమన్నారు. కుడికాలి మీద 20 సెకన్లు నిలబడ్డాను. ఎడమకాలి మీద ఆరు సెకన్లకే పడబోయాను. ఇన్నేళ్లూ సీటు రాడ్డుకి ఎడమ తుంటి ఆనించి టికెట్లు కొట్టడం అలవాటు. ఎడమకాలు ఎప్పుడూ తన బరువు తాను మోయలేదు. ఇప్పుడు రెండు కాళ్ల మీదా 40 సెకన్లు దాటుతాను.

ఇది ఏదో పిల్లల ఆట పోటీ కాదు. 2022లో బ్రెజిల్‌లో చేసిన ఒక పరిశోధన బయటికి వచ్చింది. 51 నుంచి 75 ఏళ్ల లోపు 1,702 మందిని పరీక్షిస్తే, అయిదుగురిలో ఒకరు ఒంటికాలి మీద 10 సెకన్లు నిలబడలేకపోయారు. ఆ నిలబడలేని వాళ్లలో తర్వాతి సంవత్సరాల్లో మరణాలు ఎక్కువగా కనిపించాయి. నిలబడలేకపోవడం వల్లే చనిపోయారని దాని అర్థం కాదు. లోపల ఏదో బలహీనపడుతోందని ఒళ్లు ముందుగా చెప్పే కబురు అది. మా పెద్దోడు ఫిజియోథెరపీ చదువుతున్నాడు, వాడు చెప్పాడు ఇది. ఈ ఉత్తరం చదివేవాళ్లు పేపరు పక్కన పెట్టి, గోడ దగ్గర నిలబడి, ఒకసారి చూసుకోమని నా మనవి. గోడ దగ్గరే చూసుకోండి.

మీ పట్టిక కూడా వాడికి చూపించి, దీంట్లో కరాటేకి ఎంత రాయాలిరా అని అడిగాను. ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి అయ్యే ఖర్చు 1 అనుకుంటే, గంటకు 5 కిలోమీటర్ల లోపు నడకకు 3.5 దాకా అవుతుందట. హఠయోగానికి 2.5. సరదాకి ఆడే షటిల్‌కి 5.5. కొత్తవాళ్లు నిదానంగా చేసే కరాటే, జూడో, టేక్వాండోలకు 5.3. ఒక మోస్తరు వేగంతో ఆపకుండా చేస్తే 10.3, అంటే గంటకు దాదాపు 10 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తినట్టే. ఆ అంకెని మన బరువుతో హెచ్చిస్తే గంటకు కేలరీలు వస్తాయి. 67 కిలోలున్న నాకు నడకకు 235, కొత్తవాళ్ల కరాటేకి 355. కానీ మాస్టర్ చెప్పేది వినడానికి, నీళ్లు తాగడానికి పోను మా క్లాసు గంటలో ఒళ్లు కదిలేది 40 నిమిషాలే. కాబట్టి కేలరీల్లో కరాటేదే పైచేయి అని నేను వాదించను. ఆ గొప్ప కావాలంటే తాడాట చాలు, మోకాళ్లు ఒప్పుకుంటే.

నేను చెప్పేది పట్టికలో పట్టని దాని గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని, లేదంటే 75 నుంచి 150 నిమిషాలు గట్టి శ్రమ చేయాలని చెప్పింది. రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే పని చేయమంది. 65 దాటినవాళ్లు వీటితో పాటు వారానికి మూడు రోజులు బ్యాలెన్స్ పెంచే వ్యాయామం చేయాలంది. మీ పేజీలో మొదటి రెండూ ఉన్నాయి. మూడోది లేదు. 65 వచ్చాక ఒక్కసారిగా బ్యాలెన్స్ నేర్చుకోగలమా? 45 నుంచే కూడబెట్టుకోవాలి కదా, పీఎఫ్ లాగా.

నడక గుండెకు మంచిది, డబ్బు ఖర్చు లేదు, ఎవరైనా చేయొచ్చు. అయితే నడకలో ఒళ్లు ముందుకే పోతుంది. పక్కకి పోదు, వెనక్కి పోదు, గిరుక్కున తిరగదు. మనం పడేది ముందుకు నడుస్తూ మాత్రమే కాదు. గ్యాసు బండ దగ్గర నుంచి గిన్నెతో వెనక్కి తిరిగేటప్పుడు, తడి గచ్చు మీద పక్కకి అడుగేసేటప్పుడు, బస్సు దిగేటప్పుడు పడతాం. కరాటేలో సగం పని ఆ తిరగడమే. బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మార్చడం, మార్చేటప్పుడు తల ఎత్తి చూడటం. ఇంకో మాట. నడిచేటప్పుడు ఇంటి టెన్షన్లన్నీ నాతో పాటు నడిచేవి. ఫీజులు, డ్యూటీ చార్టు, పెద్దోడి చదువు. కటా చేసేటప్పుడు అవి రావు. వస్తే అడుగు మర్చిపోతాను.

కటా అంటే ఎదుట మనిషి లేకుండానే వరసగా చేసే దెబ్బలు, అడ్డుకోవడాలు. మొదట నేర్పేది హేయాన్ షోదాన్. మొత్తం 21 కదలికలు. ఎడమకి తిరిగి కింద అడ్డుకోవాలి, ముందుకి అడుగేసి గుద్దాలి, గిరుక్కున వెనక్కి తిరగాలి. సరిగ్గా చేస్తే ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే వచ్చి ఆగుతాం. నాకు అది పూర్తిగా గుర్తుండటానికి రెండు నెలలు పట్టింది. మా చిన్నదానికి పది రోజులు. నేను డిపో రెస్ట్ రూములో, డ్యూటీ మొదలయ్యే ముందు, రెండు బెంచీల మధ్య చేసుకునేదాన్ని. ముక్కు కింద పెట్టుకుని చూస్తే గానీ కనపడని చిల్లర లెక్కలు తప్ప మెదడుకి వేరే పని పెట్టి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు. 21వ కదలికకి మొదలుపెట్టిన గచ్చుబండ మీదే కాళ్లు ఆగిన రోజు ఆ ఆనందం ఇంట్లో ఎవరికి చెప్పినా అర్థం కాలేదు. చిన్నదానికి అర్థమైంది. అది నన్ను పట్టుకుని ఎగిరింది.

ఆ కటాల కథ మాస్టర్ చెప్పారు, మీ పాఠకులకూ చెప్పాలనిపిస్తోంది. కరాటే జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల విద్య. మొదట్లో నాలుగ్గోడల మధ్య, గురువు కొద్దిమందికే చెప్పేవారు. ఇటోసు అంకో అనే పెద్దాయన 1900 తర్వాతి పదేళ్లలో దాన్ని అక్కడి స్కూళ్లలోకి తెచ్చారు. పిల్లలకి కష్టం కాకుండా అయిదు చిన్న కటాలు కట్టారు. మేము చేసే హేయాన్లు అవే. ఆయన 1908లో ప్రభుత్వానికి ఒక లేఖ రాశారు. ఈ విద్య ఎముకలకూ కండరాలకూ బలమని, అరుగుదలకూ రక్తప్రసరణకూ మంచిదని, ప్రాథమిక పాఠశాల నుంచే నేర్పాలని దాని సారం. 1831లో పుట్టిన ఆయనకి అప్పటికి 77 ఏళ్లు. 1922లో గిచిన్ ఫునకోషి అనే ఒక స్కూలు మాస్టరు ఆ విద్యని టోక్యో తీసుకెళ్లి చూపించాక అది లోకమంతా పాకింది. అంటే కరాటే ఇవాళ మన గ్రౌండు దాకా వచ్చిందంటే, ఇది కొట్టుకోవడానికే కాదు, ఒళ్లు బాగు చేసుకోవడానికి అని ఒక వృద్ధుడు ఉత్తరం రాయబట్టి కూడా. పతకాల సంగతి వేరు. జూడో 1964లో, టేక్వాండో పతకాల ఆటగా 2000లో ఒలింపిక్స్‌లోకి వచ్చాయి, కరాటే 2021లో జరిగిన టోక్యో ఆటల్లో కనిపించి పోయింది. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయినప్పుడు మా రెస్ట్ రూములో మిఠాయి పంచుకున్నాం. కానీ గట్టు మీద కూర్చున్న అమ్మలకి కావలసింది పతకం కాదు.

పడటం నేర్చుకోవడం గురించి కూడా రాయాలి. అది నిజానికి జూడో విద్య. మా మాస్టర్ జూడో కూడా చేసిన మనిషి. స్కూలు గ్రౌండులో లాంగ్ జంప్ కోసం పోసిన పెన్నా ఇసుక గుంట ఒకటి ఉంది. నెలకొకసారి అందులో పడటం నేర్పుతారు. మొదట కూర్చున్న చోటి నుంచి వెనక్కి, తర్వాత గొంతుక్కూర్చుని, ఆ తర్వాత నిలబడి. గడ్డం ఛాతీకి ఆనించాలి, తల నేలకి తగలకూడదు. చేయి చాపి నేలని ఆపకూడదు. చేయి మొత్తం వాల్చి దెబ్బ నేల మీద పరుచుకునేట్టు కొట్టాలి, వీపు గుండ్రంగా చేసి దొర్లాలి. నాలుగైదు నెలలకి గానీ నాకు భయం పోలేదు. కిందటి కార్తీకమాసంలో పెన్నా రేవు మెట్ల మీద పాకుడుకి జారాను. గడ్డం దానంతటదే ఛాతీకి ఆనింది, పక్కకి వాలిపోయాను. చీర తడిసింది, మోచేయి గీసుకుంది, అంతే. అత్తమ్మకి ఇది ఎవరైనా 50 ఏళ్లప్పుడు నేర్పి ఉంటే అనుకుని రంగనాయకుల స్వామి గుడి దాకా ఏడుస్తూ నడిచాను.

మనకిది కొత్త విద్యేం కాదు. ఇందుకూరుపేట దగ్గర మా నాయన వాళ్ల ఊళ్లో మా తాత కర్రసాము చేసేవాడు. పీర్ల పండక్కీ సంక్రాంతికీ ఆయన కర్ర తిప్పుతుంటే ఊరంతా చుట్టూ నిలబడేది. నుదుటి ఎత్తు వెదురు కర్ర. మణికట్టు, మోచేయి, భుజం, నడుము, కాళ్లు, అన్నీ ఒక్క సుడిలో తిరిగేవి. సాముగరిడీలు అంటే ఆ రోజుల్లో మొగపిల్లల కసరత్తే. కర్రలకి ఆముదం రాసి దూలం మీద పెట్టే పని నాది, తిప్పే పని నా అన్నలది. ఆడపిల్లవి నీకెందుకే అని నాకు నేర్పలేదు. డెబ్బై దాటాక కూడా తాత చేయి ఆనకుండా నేల మీద కూర్చునేవాడు, చేయి ఆనకుండా లేచేవాడు. దండీలు, బస్కీలు తీసిన ఒళ్లు అది. మా అవ్వ అరవైకే గోడ పట్టుకుని లేచేది. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే తిండి తిన్నారు. పనిలో అవ్వ చేసిందే ఎక్కువ. ఇంటి పని చేస్తున్నాం కదా, మళ్లీ వ్యాయామం ఎందుకు అనే ఆడవాళ్లకి నేను ఈ ఇద్దరి గురించి చెబుతాను.

ఇక గొంతు సంగతి. కటాలో రెండుచోట్ల కడుపులోంచి గట్టిగా అరవాలి. హేయాన్ షోదాన్‌లో తొమ్మిదో కదలికకీ, 17వ కదలికకీ. దాన్ని కియాయ్ అంటారు. ఊపిరి బిగబట్టకుండా ఒక్కసారిగా బయటికి తోసేసే పద్ధతి అది, దెబ్బ వేసే క్షణంలో నడుము గట్టిపడుతుంది. పందొమ్మిదేళ్లుగా టికెట్ టికెట్ అని అరిచిన గొంతు నాది. అయినా మొదటి నెల నా నోట కియాయ్ రాలేదు. టికెట్ అని అరవడం డ్యూటీ. నా కోసం నేను నలుగురిలో అరవడం చిన్నప్పటి నుంచీ ఎవరూ ఒప్పుకోనిది. ఆడపిల్ల గొంతు గడప దాటకూడదని విని పెరిగినవాళ్లం. పిల్లలందరి గొంతుల్లో కలిపి ఒకరోజు అరిచాను. ఛాతీలో ఏదో బిగిసి ఉన్నది వదులైనట్టు అయింది. నడకలో, జిమ్‌లో, ఈతలో ఇది లేదు.

దాంతో మనిషి మారుతుంది. ఒక సాయంత్రం బస్సులో తాగినవాడొకడు డిగ్రీ చదివే అమ్మాయి పక్కన చేరి విసిగిస్తున్నాడు. ఇంతకుముందైతే దూరం నుంచే ముందుకి జరగండి అని కేకేసేదాన్ని. ఆ రోజు వెళ్లి ఇద్దరి మధ్యలో నిలబడ్డాను. కాళ్లు ఎడంగా పెట్టి, వాడి కళ్లలోకి చూసి, దిగు అన్నాను. డ్రైవరన్న బస్సు ఆపాడు. వాడు దిగాడు. చేయి ఎత్తలేదు, ఎత్తాల్సిన పని పడలేదు. నెల రోజులు నేర్చుకుంటే పదిమందిని కొట్టొచ్చు అని చెప్పేవాళ్లంటే నాకు కోపం. మా మాస్టర్ మొదటి రోజే చెప్పారు: అరవాలి, వీలైతే పరిగెత్తాలి, చేయి ఆఖర్న. కరాటే వస్తే మగవాళ్ల బలానికి సమానమైపోతామని నేను చెప్పను. నిలబడటం వస్తుంది.

చేయనివి కూడా చెప్పాలి, లేకపోతే నా మాట నమ్మరు. బరువు మూడేళ్లలో 71 నుంచి 67కి వచ్చింది, అందులో రాత్రి అన్నం తగ్గించిన వాటా ఎక్కువ. షుగరు పరీక్ష 5.8 అయింది, తిండీ వ్యాయామం రెండూ కలిసి పనిచేశాయన్నారు డాక్టరు గారు. కరాటేలో తోసే పనే ఎక్కువ, లాగే పని తక్కువ. అందుకు వీపుకి, చేతులకి బలం కావాలంటే జిమ్ మంచిది. నేను ఇంట్లో నీళ్ల బకెట్లు ఎత్తి సరిపెట్టుకుంటున్నాను. చేరిన రెండో నెలలో నా తప్పు వల్లే మోకాలు మెలిపడింది. సిమెంటు నేల మీద పాదం అట్లాగే పాతిపెట్టి ఒళ్లు మాత్రం తిప్పాను. మూడు వారాలు ఆగాల్సి వచ్చింది. పాదం తిరిగాకే మోకాలు తిరగాలి. మోకాళ్లు అరిగినవాళ్లు, కూర్చున్నట్టు నిలబడే పద్ధతుల్లో మరీ కిందికి దిగకుండా చేసుకోవాలి. తల ఎత్తుకి లేచే టేక్వాండో కిక్కులు మా వయసులో మొదలుపెట్టకపోతేనే మంచిది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుని అడక్కుండా చేరకూడదు. ఫైట్ చేయకుండా కూడా కరాటే మొత్తం నేర్చుకోవచ్చు. నేను ఎవరితోనూ దెబ్బలాట ఆడలేదు. మూడు నెలలకొక బెల్టు అని డబ్బు గుంజే చోట చేరకండి. ఒంటికి బెల్టు రంగు తెలియదు.

సంపాదకులు గారూ, నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. నెల్లూరులోనూ కావలిలోనూ గూడూరులోనూ ఒంగోలులోనూ సాయంత్రమైతే ఏదో ఒక గ్రౌండులో పిల్లలకి కరాటే నేర్పుతూనే ఉంటారు. ప్రతి గ్రౌండుకీ ఒక గట్టు ఉంటుంది, గట్టు మీద అమ్మలు ఉంటారు. ఆ గంట వాళ్లు ఇప్పటికే ఇచ్చేశారు. వ్యాయామానికి టైమెక్కడిది అని అడిగే ఆడవాళ్ల దగ్గర, వారానికి మూడు గంటలు అక్కడే పడి ఉన్నాయి. మాస్టర్లు ఒక్క మాట అంటే చాలు, చివరి వరసలో నిలబడండమ్మా అని. ఫీజు సగం తీసుకున్నా వాళ్లకీ లాభమే. మొదటి నెల గుంజీళ్లు, నిలబడటం, తిరగడం, పడటం, ఇవి నేర్పినా చాలు.

సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకి మూడు నెలలు ఆత్మరక్షణ నేర్పే పథకం ఉంది, రాణి లక్ష్మీబాయి పేరుతో. మంచి పథకం. కానీ మూడు నెలల్లో నాకు ఒక్క కటా గుర్తుండటమే గానీ సరిగ్గా చేయడం రాలేదు. అది ఏడాది పొడుగునా ఉండాలి. వారానికి ఒక్కరోజైనా ఆ పిల్లల తల్లుల్ని కూడా పిలవాలి. మన ఊళ్లలో కర్ర తిప్పడం వచ్చిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లని బడికి పిలిచి శాలువాతో సరిపెట్టకుండా పిల్లల చేతికి కర్ర ఇప్పించండి. ఆడపిల్లల చేతికి కూడా. ఈ మాట మీ పేపరు రాస్తే వినేవాళ్లు ఉంటారని నా నమ్మకం.

మా గ్రౌండులో నేను చేరిన ఏడాదికి ఇంకొకామె గట్టు దిగింది. ఇప్పుడు ఆరుగురం. ఒకామె టీచరు, ఒకామె టైలరు, ఇద్దరు ఇంట్లోనే ఉండేవాళ్లు, ఒకామె మెడికల్ షాపులో పనిచేస్తుంది. పోయిన బుధవారం మార్కెట్‌లో ఆకుకూరలు అమ్మే ఒకామె, మనవణ్ణి దింపడానికి రోజూ వచ్చే ఆమె, 56 ఏళ్లు ఉంటాయి, వామప్ అయ్యేదాకా గట్టు మీదే కూర్చుని మా వైపు చూస్తూ ఉండింది. తర్వాత లేచి నా దగ్గరికి వచ్చి, "చీరతో చేయొచ్చా అమ్మా?" అని అడిగింది. ఈ రోజుకి చేయొచ్చక్కా, కొంగు బిగించి దోపుకోండి అన్నాను. చెప్పులు విప్పి, గోడ పక్కన జాగ్రత్తగా పెట్టి, వచ్చి నా ఎడమ పక్కన నిలబడింది.

ఇట్లు,
ఒక బస్సు కండక్టర్,
వేదాయపాళెం, నెల్లూరు.